మూడో వేలు

ఆదోని స్టేషన్లో దిగిన రోజే తప్పు చేశాను. అది బయటపడింది తొమ్మిదో రోజున.

పందొమ్మిది వందల యాభై రెండు, ఎండాకాలం. కరువు. ఎండిన బావుల్ని లోతు చెయ్యమని మా సైనిక దళానికి ఆర్డరు. ఉదయం ఆరున్నరకు రైలు దిగి, ఎమ్మిగనూరు దారిలో ఒక పల్లె బయట గుడారాలు వేశాం. నేను హవల్దారుని. బావి ముప్పై ఎనిమిది అడుగులు, అడుగున రాయి. రాతిలో మందు తూటాలు పెట్టి పేల్చేది మేము. వాటికి రంధ్రాలు కొట్టేది ఊరివాళ్లు ముగ్గురు: ఎల్లప్ప, మస్తాను, ఏసోబు.

పేల్చే మీట దూరంగా ఒక మట్టికట్ట వెనక ఉండేది. అక్కణ్ణుంచి బావి కనిపించదు. అందుకని పైకొచ్చిన ప్రతివాడూ తన దేవుణ్ణి కేకేసేవాడు. "ఈరన్నా!" "యా అల్లా!" "స్తోత్రం!" కట్ట వెనక, రాళ్లు లాగే ఎద్దుల్ని పట్టుకున్న లక్ష్మక్క ఒక్కో వేలూ మడిచేది. మూడు మడిస్తే బావి ఖాళీ.

మొదటి రోజే నాకు చిరాకెత్తింది. ఏ దేవుడి దగ్గరా నా మనసు నిలిచేది కాదు. నిలిచినవాళ్లను చూసి ఓర్వలేకపోయాను. పైకి మాత్రం ఐకమత్యం అన్నాను.

"అందరూ వచ్చాక ఒకటే కేక. జై!"

"దేవుణ్ణి పిలిసేకి గూడా ఆర్డరా సారూ?" అని ఏసోబు నవ్వాడు.

తొమ్మిదో రోజు, పదకొండూ పది. "జై" వినిపించింది.

"అది ఎల్లప్ప గొంతు సారూ. మస్తాను వచ్చినాడో లేదో," అంది లక్ష్మక్క.

మీట దగ్గరి సిపాయి నావైపు చూశాడు.

"జై అన్నారుగా. కొట్టు," అన్నాను.

మస్తాను తన వెనకే వస్తున్నాడనుకున్నాడు ఎల్లప్ప. మస్తానేమో మరిచిన గడ్డపార కోసం మళ్లీ దిగాడు. పేలినప్పుడు మెట్ల మలుపులో ఉన్నాడు. ప్రాణం దక్కింది. చెవులు పోయాయి.

దుమ్ము అణగకముందే దిగి అతన్ని భుజాన మోసుకొచ్చాను. తప్పు నాదేనని రిపోర్టులో రాశాను. నా హవల్దారు పట్టీలు పోయాయి. పాత కేకలు తిరిగొచ్చాయి. మస్తాను చోట సుత్తి నేను పట్టాను. పైకొచ్చి "హాజర్!" అనేవాణ్ణి.

కోలుకున్నాక మస్తాను బావి గట్టున కూర్చున్నాడు. పైకొచ్చినవాడి గొంతు మీద అరచెయ్యి ఆనించి వేలు మడిచేవాడు.

"మెల్లగప్పా, పీక పిసికేవు!" అనేవాడు ఎల్లప్ప.

"పేర్లు ఏరేగానీ సారూ, ఈడ అదురు ఒగటే," అన్నాడు మస్తాను నాతో.

చివరి రోజు నీళ్లు పడ్డాయి. అందరికన్నా వెనక నేనొచ్చాను. అతని చెయ్యి నా గొంతు మీద ఆనింది.

"హాజర్!"

మస్తాను తల అడ్డంగా ఊపాడు. "ఇది నోట్లోది. లోపలిది రానీ."

అరిచాను. ఎవరిని పిలిచానో నాకే తెలియదు. అతను మూడో వేలు మడిచాడు. ఎక్కడికి బదిలీ అయినా ఆ వేలు నా వెంటే వచ్చింది.

ఇప్పుడు ఏటా ఎండాకాలం ఆదోనిలో దిగుతాను. పలకరించే ముందు నా గొంతు అతని చేతికిస్తాను.