కడుపు నిండా బత్తా

ఉదయం ఆరున్నరకి బెజవాడ స్టేషన్లో వాల్తేరు బండి ఎక్కేసరికి నాకు ఆకలి లేదు. మా ఆవిడ పెట్టిన చద్దన్నం ఆవకాయతో తినే బయలుదేరాను. అయినా ఏలూరు రాగానే కిటికీలోంచి చెయ్యి చాపి ఇడ్లీ పొట్లం కొన్నాను. ఎందుకంటే ఎదురు బెంచీ మీద పాపారావు గారు కూర్చుని ఉన్నారు. ఆయన మా కంపెనీ అకౌంట్స్ ఆఫీసరు. నేను ఏం తింటానో, ఎంత తింటానో చూడటానికే ఆయన్ని నాతో పంపించారు.

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎనభైల మొదట్లో నేను నీటిపంపులు తయారుచేసే ఓ కంపెనీలో మెకానిక్‌ని. విశాఖపట్నంలో అప్పుడు ఒక పక్క ఉక్కు ఫ్యాక్టరీ లేస్తోంది, ఇంకో పక్క ఓడరేవులో ఎప్పుడూ ఏదో ఒక కట్టడం. ఎక్కడ పునాది తవ్వినా నీరు ఊరేది, నీరు ఊరిన చోటల్లా మా పంపులు కావాల్సి వచ్చేవి. కాబట్టి మాకు క్యాంపులు తప్పేవి కావు. రైలు టిక్కెట్టు, లాడ్జి అద్దె కంపెనీవి. తిండికి రోజుకింతని బత్తా చేతికిచ్చేవారు. ఇంటి నుంచి అటుకులూ కారప్పొడీ మూట కట్టుకెళ్ళి, ఆ బత్తా మిగిల్చి ఇంటికి తేవడం మాలో అందరికీ అలవాటు. జీతం బియ్యానికీ అద్దెకీ సరి. మిగతా ముచ్చట్లన్నీ బత్తాతోనే తీరాలి.

అంతకు ముందు నెల మా సుబ్బారావు విశాఖ రేవులో అరటిపళ్ళ మీదా టీ మీదా మూడు రోజులు గడిపి, నాలుగో రోజు పంపు పక్కనే కళ్ళు తిరిగి పడ్డాడు. చెయ్యి విరిగింది. మేనేజరు మండిపడ్డాడు. "తినమని ఇచ్చిన డబ్బు తినకపోతే ఇకమీదట చేతికివ్వను. హోటలు వాళ్ళకి కంపెనీయే కడుతుంది" అన్నాడు. మా సెక్షనంతా లబోదిబోమంది. చివరికి, పాపారావు గారు ఒక క్యాంపు దగ్గరుండి చూసి రిపోర్టు ఇచ్చాక తేలుస్తానన్నాడు. ఆ క్యాంపు కాస్తా నా నెత్తిన పడింది.

సరిగ్గా అప్పుడే, ఏళ్ళ కిందట పేరు రాయించుకున్న గ్యాస్ కనెక్షన్ మంజూరైందని మాకు కార్డు వచ్చింది. నెలాఖరులోగా డిపాజిట్ కట్టకపోతే పేరు కొట్టేస్తారు. రంపపు పొట్టు పొయ్యి పొగకి మా ఆవిడ దగ్గని పూట లేదు. డిపాజిట్టుకి నాకున్న దారి ఈ క్యాంపు బత్తా ఒక్కటే. తింటే గ్యాస్ పోతుంది, తినకపోతే అందరి బత్తా పోతుంది. వెధవ ఉద్యోగం అని తిట్టుకుని, ముందు అందరి బత్తా నిలబెడదామని తీర్మానించుకున్నాను.

గోదావరి దాటాక రాజమండ్రిలో పూరీలు తిన్నాను. పాపారావు గారు నా వంక ఒకసారి చూసి, తనూ ఒక ప్లేటు తెప్పించుకున్నారు. సామర్లకోటలో బజ్జీలు. ఆయనా తిన్నారు. అక్కడే ఓ పెద్దావిడ ఎక్కి మా పక్కన చోటు చేసుకుంది. కూతురింటి నుంచి అనకాపల్లి తిరిగి వెళ్తోందట. పన్నెండు దాటాక తునిలో మేమిద్దరం పెరుగన్నం, పులిహోర చెరో పొట్లం విప్పేసరికి ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"ఏటి బాబూ, అలాగ కుక్కుకుంతన్నారు? ఎవులైనా లాక్కుంతారేటి?"

"ప్రయాణంలో బాగా తినాలమ్మా" అన్నారు పాపారావు గారు, చెమట తుడుచుకుంటూ.

"తినండి నాయనా, ఒద్దన్నానా? నమిలి తినండి" అంది.

మూడింటికి విశాఖ స్టేషన్ వాల్తేరులో దిగాం. స్టేషన్ బయట రిక్షా వాళ్ళు మొదట చెప్పిన రేటుకి ఒప్పుకోకండి, నాలుగడుగులు నడిస్తే వాళ్ళే వెనకొస్తారు. పూర్ణా మార్కెట్ పక్క సందులో లాడ్జి. రెండు మంచాల గది, వరండా చివర అందరికీ కలిపి ఒకటే పాయిఖానా. మార్కెట్ దగ్గరుండటం సుఖమే కానీ, ఉల్లిపాయల లారీల అరుపులకి తెల్లారకుండానే మెలకువ వస్తుంది.

సాయంత్రం పాత ఊళ్ళో ఒక సాయిబు గారి హోటల్లో బిర్యానీ తిన్నాం. మంచి బిర్యానీ, అబద్ధం చెప్పకూడదు. మామూలు రోజుల్లో అయితే వాసన చూసి ముందుకు నడిచేవాణ్ణి. రెండోసారి కూడా వడ్డించమన్నాను. తెల్లగడ్డం ముసలాయన స్వయంగా వడ్డిస్తూ, "నిదానం బాబూ! డేగిసా నిండా ఉంది, ఎక్కడికీ పారిపోదు" అని నవ్వాడు. పాపారావు గారు కూడా రెండోసారి వడ్డించుకున్నారు. నాకు తెగ ఆశ్చర్యం వేసింది. ఆఫీసరు గారు తిండిపుష్టి గల మనిషే అనుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి బస్సులో రేవుకి వెళ్ళాం. ఖనిజం దుమ్ముకి రోడ్డూ గోడలూ చెట్లూ అన్నీ ఎర్రగా ఉన్నాయి. తెల్ల చొక్కా వేసుకెళ్ళకండి. గోడ కడుతున్న గోతిలో ఉప్పునీళ్ళు మోకాలి పైకి ఊరి ఉన్నాయి. వాటిని తోడటానికి కొత్త పంపు బిగించడమే నా పని. అక్కడ పంపు నడిపే అప్పలరాజు విజయనగరం వైపు రైతు కుటుంబం వాడు. నాకు పాత స్నేహం, నన్ను బావా అనేవాడు. మధ్యాహ్నం తన క్యారియర్ విప్పి, "రా బావా, సేపల పులుసు ఉంది, మా ఇంటిది ఒండింది" అన్నాడు. అదీ తిన్నాను. ఆ తర్వాత పాపారావు గారితో హోటలుకెళ్ళి భోజనమూ చేశాను, ఎందుకంటే హోటల్లో తింటేనే కదా ఆయన లెక్కలోకి వచ్చేది! రేవులో రెండో రోజూ అంతే. ముద్ద దిగుతున్నప్పుడల్లా, ఆ గ్యాస్ పొయ్యి నాకు ఇంకాస్త దూరం జరుగుతున్నట్టే ఉండేది. తిండి మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు.

మూడో రోజు తెల్లవారుతుండగా కడుపులో మొదలైంది. పొట్ట పట్టుకుని వరండా చివరికి పరుగెత్తాను. తలుపు వేసి ఉంది. ఎంత కొట్టినా తియ్యలేదు. చివరికి తీసుకుని బయటికొచ్చింది పాపారావు గారు. నన్ను చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. పొద్దెక్కేదాకా ఇద్దరం ఆ తలుపు దగ్గర వంతులు వేసుకున్నాం. ఆ తర్వాత లేవడానికి ఓపిక లేక చెరో మంచం మీద పడ్డాం.

తొమ్మిదైనా మేం రేవుకి రాకపోయేసరికి అప్పలరాజు వెతుక్కుంటూ లాడ్జికొచ్చాడు.

"ఏటి బావా, ఏటైనాది? ఇద్దరూ ఒక్కలాగే ఒడిలిపోనారు. ఏటి తిన్నారేటి?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఏలూరు ఇడ్లీ, రాజమండ్రి పూరీ, బజ్జీలు, తుని పొట్లాలు, బిర్యానీ... మధ్యలోనే వాడు చేత్తో ఆపమన్నాడు.

"ఎందుకలాగ? మడిసన్నోడు ఆకిలేస్తే కదా తింతాడు!"

ఇక దాచడానికి నాకు ఓపిక లేదు. పాపారావు గారి వైపు తిరిగి చెప్పేశాను. "మావాళ్ళు క్యాంపుల్లో శుభ్రంగా తింటారని మీకు తెలియాలని తిన్నానండీ. బత్తా తీసేస్తారేమోనని భయం. లేకపోతే నేనూ అటుకులే తింటాను."

 ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఏమయ్యా కోటేశ్వర్రావ్! నువ్వు అంతంత తింటుంటే నేను మానేస్తే, ఆఫీసరే బత్తా మిగుల్చుకుంటున్నాడని సెక్షనంతా చెప్పుకుంటారని నేను తిన్నానయ్యా. నా సంచీలో మినపసున్నుండల డబ్బా అలాగే ఉంది. మా ఇంట్లో కుట్టుమిషను కాకినాడ క్యాంపు. బీరువా నెల్లూరు క్యాంపు. నాకు తెలియదా?"

అప్పలరాజు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "అయితే ఆకిలి ఇద్దరికీ నేదన్నమాట!" అని నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయాడు. గంటలో వాళ్ళావిడ కాచిన గంజి క్యాన్లో పట్టుకొచ్చాడు, ఉప్పు వేసి, మజ్జిగ కలిపి. ఆ రోజూ మర్నాడూ ఆ మహాతల్లి పంపిన గంజే మాకు ప్రాణం నిలబెట్టింది. డబ్బులిస్తే, "ఎల్లెల్లు బావా, గెంజికి డబ్బులేటి" అని కసిరాడు.

ఒళ్ళు కుదుటపడుతున్న కొద్దీ నాకు భయం పట్టుకుంది. మెకానిక్కులం తినం అని నా నోటితో నేనే ఆఫీసరుకి చెప్పేశాను. సుబ్బారావు పడిపోయింది నిజం, నేను ఒప్పుకున్నదీ నిజం. ఇక మేనేజరు మాటే నెగ్గుతుంది. మా ఆవిడకి ఏం చెప్పాలి, సెక్షన్లో మొహం ఎలా చూపించాలి? అయిదో రోజు పంపు బిగించి నడిపితే, మధ్యాహ్నానికి గోతి అడుగు కనిపించింది. అందరూ భేష్ అన్నారు కానీ, నా మనసు మాత్రం కుదుటపడలేదు.

ఆరో రోజు ఉదయం వాల్తేరులో తిరుగు బండి ఎక్కాం. కుడి పక్క కొండలు, పచ్చటి చెరకు తోటలు. నేను వాటిని చూసే స్థితిలో లేను. అనకాపల్లి దాటాక పాపారావు గారు తనంతట తానే మొదలుపెట్టారు.

"బత్తా చేతికే ఇవ్వమని రాస్తాను. కాకపోతే మధ్యాహ్నం భోజనం మాత్రం పని దగ్గర అందరితో కూర్చుని చెయ్యాలి. యంత్రం పక్క ఖాళీ కడుపుతో నిలబడటానికి వీల్లేదు. మిగతా పూటలు మీ ఇష్టం. మన కడుపుకి ఎంత కావాలో ఆఫీసు చెబితే ఏమవుతుందో చూశాం కదా!"

 ధైర్యం చేసి అడిగాను. "మనం గంజి తాగిన రోజుల బత్తా వెనక్కివ్వాలాండీ?"

"క్యాంపులో ఉన్న రోజు క్యాంపు రోజే. గంజి తాగినా, బిర్యానీ తిన్నా అంతే."

ఆ మాటతో గుండెల మీది బండ దిగింది. ఆ రోజుల బత్తా మొత్తం జేబులోనే ఉంది. డిపాజిట్టుకి కాస్త తక్కువైనా అది ఎక్కడో సర్దుకోవచ్చు. మా ఆవిడ దగ్గు లేకుండా వంట చేసుకుంటుందన్న ఊహకే కళ్ళు చెమర్చాయి. అది కనిపించకుండా కిటికీ వైపు తిరిగాను. అప్పుడు చూశాను కొండల్ని. విశాఖ క్యాంపు దారిలో అంతకన్నా అందమైనవి లేవు.

తునిలో బండి ఆగింది. పెరుగన్నం పొట్లాల వాడు కేకేసుకుంటూ మా కిటికీ దగ్గరికొచ్చాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నిజం చెప్పు. ఆకలేస్తోందా?" అన్నారు పాపారావు గారు.

"వేస్తోందండీ. చాలా వేస్తోంది."

"నాకూనయ్యా."

చెరో పొట్లం కొనుక్కుని, ఎవరి డబ్బులు వాళ్ళం ఇచ్చుకుని, నమిలి నమిలి తిన్నాం. మొత్తం క్యాంపులో నేను ఆకలేసి కొనుక్కుని తిన్న తిండి అదొక్కటే.