మడత లోపలి మాట

మచిలీపట్నంలో పుస్తకాలు కుట్టే బైండరు గారు ఇక లేరు. సోమవారం పొద్దున్నే ఆయన కుమార్తె ఫోన్ చేసింది. "నాన్న తెల్లవారుజామున పోయారమ్మా. మీకు చెప్పకపోతే ఆయన ఊరుకోరు" అంది. తోడు వస్తామన్నవారిని వద్దని, గుడివాడలో బస్సెక్కి వెళ్లాను. ఆయన బల్ల మీద సూది, మైనం పట్టించిన దారం పెట్టినచోటే ఉన్నాయి.

కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, పాత పుస్తకాలను స్కాన్ చేసి కంప్యూటర్‌లో అక్షరాలుగా మార్చే పనిలోకి దిగాను. యంత్రం చదివినదాన్ని అచ్చుపుస్తకంతో పోల్చి తప్పులు దిద్దడం నా వంతు. నన్ను దిద్దినవారు ఆయన.

నాగాయలంకలో పడవ నడిపిన సరంగు ఒకాయన, దివిసీమ పాయల్లో ఏ రేవు ఎక్కడుందో, పోటు సమయంలో ఎక్కడ ఎంత నీరుంటుందో రాసి అచ్చు వేయించారు. మాకు తెలిసినంతలో మిగిలిన ప్రతి ఒక్కటే. నేను ఈ పనిలో చేరిన కొత్తలో, ఆయన మనవరాలు దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చింది. "శనివారం సాయంత్రం వస్తానండీ. ఎలా ఇచ్చానో అలాగే కావాలి" అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

పుస్తకం బిగుతుగా కుట్టి ఉంది. ఎంత తెరిచినా వెన్ను దగ్గర కాగితం వంగి, లోపలి అంచు మాటలు నీడలో మునిగిపోయేవి. అక్కడ యంత్రం తనకు తోచింది రాసేది. గట్టిగా నొక్కితే పెళుసు కాగితం విరుగుతుంది. గడువేమో దగ్గరపడుతోంది. జీవితమంతా పాఠం చెప్పినదాన్ని. వాక్యం సగం కనిపిస్తే మిగతా సగం నాకు తెలియదా అనుకున్నాను. ఖాళీలన్నీ నేనే పూరించాను.

శుక్రవారం అట్ట ఊడేలా ఉందని బందరు తీసుకువెళితే, బైండరు గారు నా కాగితాలనూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకున్నారు. ఆయన చదివింది అయిదో తరగతి.

"ఇక్కడ 'మొలలోతు' అని రాశారేంటండీ? కనిపించిందా మీకు?"

"సందర్భాన్ని బట్టి అదే అవుతుంది."

"సందర్భం మీదండి. పడవ ఆయనది."

నాకు ఒళ్లు మండింది. "అయితే వెన్ను కోసేయండి. పుటలు విడివిడిగా తీసుకుంటాను" అన్నాను.

"కోయడం ఎవడైనా కోస్తాడండి. పొద్దున్నే మీ స్కానర్ పట్టుకురండి, కుట్లు విప్పుదాం."

శనివారం ఆయన ఫ్యాన్ ఆపేసి, చెమట కాగితం మీద పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకున్నారు. కుట్లు ఒక్కొక్కటే విప్పి, మడతపెట్టిన కాగితాల కట్టలను బల్ల మీద వరసగా పరిచారు. వెనక పుట అచ్చు ఇవతలికి కనిపించకుండా ప్రతి పుట కిందా నల్లకాగితం దూర్చారు. "యంత్రానికి చూపు లేదని తిడతారేంటండీ? ముందు మనం సరిగ్గా చూపించాలి గదా!" అన్నారు. పై నుంచి నేను స్కానర్ కెమెరాతో ఫొటోలు తీస్తున్నాను.

నేను 'మొలలోతు' అని రాసిన పుట వచ్చింది. లేవబోతున్న కాగితాన్ని ఆయన బొటనవేలితో అదిమారు. మడత లోపల అచ్చు స్పష్టంగా ఉంది: నిలువులోతు. కొత్తవాళ్లు దిగరాదు.

ఆయన నా వైపు చూడలేదు. ఆ మర్యాదను నేను మరవలేను.

నేను బందరులో ఉన్నానని తెలిసి, మధ్యాహ్నమే మనవరాలు అక్కడికి వచ్చిపడింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. "అయ్యయ్యో, ఇదేంటండీ! మా తాత పుస్తకాన్ని చేపను కోసినట్టు కోసేశారు!"

నేను స్కానర్ వదిలేసి ఆమెకు ఎదురు వెళ్లాను.

"కొయ్యలేదమ్మా, విప్పాను. అలా కూర్చో. నీ బస్సు వేళకి మీ తాతని నీ చేతిలో పెడతాను" అన్నారాయన.

ఆ పిల్ల కూర్చుంది గాని, సూది మీంచి కళ్లు తిప్పలేదు. నేను గడియారం మీంచి తిప్పలేదు. పాత రంధ్రాల్లోంచే, ఒక్క కొత్త చిల్లు పడకుండా కుట్టారు. చివరి ముడి వేశాక ఆమె పుస్తకం తెరిచి చూసింది.

"ముందుకన్నా బాగా తెరుచుకుంటోందేంటండీ?"

"ముందు కుట్టినవాడు తొందరలో ఉన్నాడమ్మా."

ఆమె అప్పుడు నవ్వింది. నేను మాత్రం ఆ మాట నాకే అన్నారని ఇంటిదాకా అనుకుంటూ వచ్చాను. నా పూరింపుల్లో సరైనవీ కొన్ని ఉన్నాయి. వాటినీ కొట్టివేసి, ఫొటోలు చూసి మొదటినుంచీ మళ్లీ రాశాను.

ఆ 'నిలువులోతు' పుట ఫొటోలో ఆయన వేలు పడింది. మళ్లీ తీద్దామంటే, "అక్షరం కనిపిస్తోందా? అయితే కాగితాన్ని ఇంకోసారి కదపొద్దండి" అన్నారు. తరవాత దాన్ని చెరిపేద్దామని మాతో పనిచేసేవారు అడిగారు. నేను ఒప్పుకోలేదు.

ఆయన పోయిన సోమవారం బందరు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని ఆ పుట ఫొటో తెరిచాను. గోరు అంచున ఎండిన మైదా జిగురు. వేలి పక్కనే, మడత లోంచి బయటపడి, సరంగు రాసిన మాట.