తీశానని చెప్పిన ప్లగ్గు

ఇన్నేళ్ళుగా ఒక్క మాటను మోస్తున్నాను. "తీశాను" అన్న మాట. చిన్నదే, కానీ పడుకున్నా బరువే, లేచినా బరువే. మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకండి. విని ఊరుకుంటే చాలు.

మధిర వైపు నుంచి బూర్గంపాడుకు కోడలిగా వచ్చినదాన్ని. అప్పటికి మా మరిది అడవి బీటు ఆఫీసరు ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాడు. ఎండలో మైళ్ళకొద్దీ నడిపించే పరీక్ష కూడా గట్టెక్కాడు. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది. ఇంట్లో అందరం అతన్ని అప్పుడే "ఆఫీసరు సారూ" అని పిలిచి ఆటపట్టించేవాళ్ళం.

మాది పాత ఇనుప కూలరు. కిటికీ బయట స్టాండు మీద ఉండేది. మోటారు నుంచి లోపలి పెద్ద చక్రానికి బెల్టు తిరిగితేనే గాలి. ఆ ఎండాకాలం బెల్టు అరిగి, పగుళ్ళిచ్చి, కీచుమంటూ జారుతుంటే మరిది భద్రాచలం పోయి కొత్తది తెచ్చాడు. కూలరు స్విచ్చి ఎప్పుడో కాలిపోయింది. ప్లగ్గు పెడితే తిరిగేది, పీకితే ఆగేది. కరెంటు పోయినా మేము ప్లగ్గు పీకేవాళ్ళం కాదు. మా వాడలో ఎవరూ పీకరు. కూలరు గుర్రుమంటేనే కదా కరెంటు వచ్చిందని తెలిసేది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోగానే, ఇదే అదను అని అతను పెరట్లోకి వెళ్ళి కూలరు వెనక తలుపు విప్పాడు. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని ఆవకాయ కలుపుతున్నాను. మోచేతుల దాకా కారం, నూనె. కిటికీ అవతలి నుంచి అడిగాడు, ప్లగ్గు తీశావా అని. తీశాను అన్నాను.

తీయలేదు. లేస్తే చేతులు కడుక్కోవాలి. తడి చేయి పెడితే ఆవకాయ బూజు పడుతుంది, ఏడాదంతా అత్త చేత మాట పడాలి. కరెంటే లేదు కదా, ఈ కాస్తా కలిపేసి తీద్దాంలే అనుకున్నాను. బద్ధకమా? భయమా? రెండూ కలిపి కొంచెం కొంచెం. ఇప్పటికీ తేల్చుకోలేదు.

మధ్యలో అతను మంచినీళ్ళకు లోపలికి వచ్చాడు. కుండ పక్కనే కరెంటు బోర్డు. అటు చూడను కూడా చూడలేదు. ఎందుకు చూస్తాడు, వదిన తీశానంది కదా. అప్పుడైనా "అయ్యో, మరిచిపోయా, నువ్వే పీకెయ్" అని ఉంటే నవ్వి పీకేసేవాడు. అంత చిన్న అబద్ధం బయటపడుతుందని నోరు మెదపలేదు. అతను నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

చక్రాన్ని చేత్తో తిప్పుతూ బెల్టు ఎక్కిస్తున్నప్పుడు కరెంటు వచ్చింది.

ఆ కేక ఎలా ఉందో రాయలేను. పరుగెత్తి ప్లగ్గు పీకాను. తెల్లటి ప్లగ్గు మీద నా వేళ్ళ ఎర్రటి నూనె మరక పడింది. బయట మనిషి అరుస్తున్నాడు, నేనిక్కడ కొంగుతో ప్లగ్గు తుడుస్తున్నాను. తుడిచాకే అతని దగ్గరికి పోయాను. ఆ మరక చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాకు ముందు తోచింది అదే. సిగ్గులేని చేతులు నావి.

గోదావరి వంతెన దాటించి దవాఖానాకు తీసుకెళ్ళాం. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు సగానికి పోయాయి. మా ఆయన మందులకు వెళ్ళినప్పుడు మరిది నెమ్మదిగా అడిగాడు. గొంతులో కోపం లేదు.

"వదినా, ప్లగ్గు తీసిన అన్నవు గదా?"

"తీశాను. నీళ్ళకు వచ్చినప్పుడు నువ్వే మళ్ళీ పెట్టావేమో. కరెంటు వస్తే తెలుస్తుందని."

అతను కళ్ళు మూసుకుని చాలాసేపు గుర్తు చేసుకోవాలని చూశాడు. ఆ మొహం చూస్తూ కూర్చున్నాను.

"అవ్. పెట్టిన్నేమో. నాకే యాది లేదు."

అంతే. తన జ్ఞాపకాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మాడు.

ఆ చేత్తో మెడికల్ గట్టెక్కలేదు, ఉద్యోగం పోయింది. మా మామ తిట్టని రోజు లేదు. "నోటికాడి బుక్క పోగొట్టుకున్నవు గదరా, ప్లగ్గు సూసుకునే సోయి లేదా" అని అందరి ముందూ అనేవాడు. అతను తల వంచుకుని వినేవాడు. నేను పక్కనే నిలబడి అన్నం వడ్డించేదాన్ని. మొదటి అబద్ధం భయంతో ఆడానని సరిపెట్టుకోవచ్చు. ఆ తర్వాతి మౌనాన్ని ఏమనాలి? ఆ ఇంట్లో నాకు జాగ్రత్త గల కోడలని పేరుంది. ఆ పేరు కోసం అతన్ని సోయి లేనివాడిగా బతకనిచ్చాను.

ఇప్పుడతను వేరు కాపురం పెట్టి, చర్ల రూట్లో ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర తనతో పాటు పరీక్ష రాసినవాడే బండి ఆపుతాడట. దిగి నిలబడి నమస్తే పెడతానని నవ్వుతూ చెబుతాడు. నాకు ముద్ద దిగదు.

మొన్న మా కూలరు బెల్టు మళ్ళీ అరిగింది. మార్చడానికి అతనే వచ్చాడు, ఎప్పుడూ అతనే వస్తాడు. ప్లగ్గు నువ్వే చూసుకో అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నువ్వే తియ్యి వదినా. నా మీద నాకు నమ్మకం లేదు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. మజ్జిగ తాగుతావా అని అడిగాను. ప్లగ్గు పీకి, అతను పని ముగించేదాకా దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. ఇంత జాగ్రత్తగల వదిన ఎవరికుంటుందని వెంట వచ్చిన తన భార్యతో అన్నాడు. నేను నవ్వాను కూడా.

తప్పు అతనిది కాదు. ప్లగ్గు అతను పెట్టలేదు. నేను తీయనే లేదు. ఈ మాటలు వినవలసింది మీరు కాదని నాకు తెలుసు. అతని ముందు నోరు పెగులుతుందో లేదో తెలియదు. రాస్తుంటే మాత్రం మొన్నటి నుంచి లేని ఆకలి వేసింది. వెళ్ళి కడుపునిండా తిన్నాను. దానికీ సిగ్గుగానే ఉంది.