తిరిగి రాకూడని ఆట

మా ఇంట్లో ఎవరైనా గడప దాటుతూ "వెళ్తాను" అంటే మా అమ్మ ఊరుకునేది కాదు. "ఎల్తానేటి, ఎల్లొస్తానను" అని వెనక్కి పిలిచి మరీ అనిపించేది. ఈ పట్టింపు అందరిళ్లలోనూ ఉన్నదే. కానీ నాన్న రోజూ పడవెక్కే మనిషి కాబట్టి మా ఇంట్లో ఆ మాటకు ఇంకాస్త బరువు ఎక్కువ. సముద్రం మీదకు వెళ్లినా, చేపల తట్టతో ఊళ్ల మీదకు వెళ్లినా, కాలేజీకి వెళ్లినా పొద్దుగూకేసరికి అందరూ ఇంట్లో ఉండాలి. అదే అమ్మ లెక్క.

నేను చిన్నప్పటి నుంచి ఆడిన కబడ్డీ కూడా నాకు ఇదే నేర్పింది. అవతలి వాళ్ల బరిలోకి వెళ్లడం ఎవరైనా వెళ్తారు. ఒకరిని ముట్టుకుని, మధ్యగీత తాకి ప్రాణాలతో తిరిగి రావడమే అసలు ఆట. భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున మా ఊరు. ఇసుకలో మడమతో గీత గీసేసి, వలలు ఎండబెట్టే చోటే ఆడేసేవాళ్లం. నన్ను పట్టుకోవడం మగపిల్లల వల్ల కూడా అయ్యేది కాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, కావాలంటే మా ఊళ్లో అడగండి.

అయితే నాకు ఆయాసం. కబడ్డీలో ఒక్క ఊపిరితో "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండాలి, దాన్ని కూత అంటారు. మధ్యలో ఊపిరి పీల్చామా, కూత తెగినట్టే, ఔటయినట్టే. మా ఊళ్లో కెరటాల హోరులో నా కూత ఎప్పుడు తెగిందో ఎవరికీ వినపడేది కాదు. విజయనగరంలో డిగ్రీకి చేరాక తెలిసింది, కాలేజీ గ్రౌండులో కెరటాలుండవని. అక్కడి రిఫరీవి పాము చెవులు. నేను ఊపిరి పీల్చడం నాకంటే ముందు ఆయనకే తెలిసిపోయేది. ఏడాది తిరక్కుండానే నన్ను జట్టులోంచి తీసేశారు.

టీవీలో కబడ్డీ పోటీలు కొత్తగా మొదలై, ఇంటింటికీ ఒక కబడ్డీ పండితుడు తయారైన రోజులవి. "మా గుంట కాలేజీ జట్టులో ఆడతాది" అని చేపలు కొనే ప్రతి ఇల్లాలికీ అమ్మ చెప్పుకుంది. ఇప్పుడు అదే నోటితో తీసేశారని చెప్పాల్సి వచ్చింది. మా వీధిలో నాకు కూయని కోడిపుంజని పేరు పెట్టారు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ పేరు పెట్టినవాడి సైకిలు తీసుకెళ్లి ఇసుకలో సీటు దాకా పాతిపెట్టాను.

"ఇంక ఆటలు సాలు. కళాసులవ్వగానే బేగొచ్చీ" అంది అమ్మ.

సరేనన్నాను గానీ, మర్నాడు కాలేజీ నుంచి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటి దాకా ఏడ్చాను. ఆడకుండా నేను ఉండలేను. అది చదువు మీద ప్రేమలాంటిదీ కాదు, పేరు మీద ఆశా కాదు. పరిగెత్తకపోతే నాకు ఒళ్లంతా దురద పుడుతుంది, అంతే.

సరిగ్గా అప్పుడే మా కాలేజీ ఆటల మాస్టారు, అందరం పీడీ సారు అనేవాళ్లం, ఏదో శిక్షణకు వెళ్లి ఒక కోలబంతి పట్టుకొచ్చారు. రగ్బీ అట. అమ్మాయిల జట్టు తయారు చేస్తానన్నారు. జట్టుకు ఎవరు దొరుకుతారు? మిగతా ఆటలు వద్దన్నవాళ్లే దొరికారు. ఖోఖోలో కూర్చోమంటే కూర్చోలేని కొత్తవలస అమ్మాయి, నేను, ఇంకా మాలాంటి వాళ్లు. మా కెప్టెన్ బొబ్బిలి వైపు రైతుల పిల్ల. కబడ్డీలో పట్టిందంటే ఉడుంపట్టే, కానీ రిఫరీలతో తగువు పెట్టుకుంటుందని దాన్నీ తీసేశారు. ఆ బంతి చుట్టూ మూగి మేం తిప్పి తిప్పి చూస్తుంటే, క్రికెట్ ఆడే మగపిల్లలు "కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది" అని నవ్వారు.

నేను మాత్రం నాకు కావలసిన ప్రశ్న అడిగాను. "సార్, ఇందులో కూత ఉంటుందా?"

"కూతేంటమ్మా?"

"అదే సార్, పరిగెడుతూ ఊపిరి పీల్చుకోవచ్చా?"

ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూశారు. "నీకు ఎంత కావాలంటే అంత పీల్చుకో. ఎవరూ వద్దనరు" అన్నారు.

రగ్బీ నాకు ఆ క్షణానే నచ్చేసింది. బంతి పట్టుకుని ఇంకా ఒక్క అడుగైనా పరిగెత్తనేలేదు. పరిగెడుతూ ఊపిరి పీల్చుకోనిచ్చే ఆట ఒకటి లోకంలో ఉందని ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదేమిటని కోపం కూడా వచ్చింది.

ఇక నేర్చుకోవడం మొదలుపెట్టాక తెలిసింది, మేం నేర్చుకోవాల్సిన దానికంటే మరిచిపోవాల్సిందే ఎక్కువని. బంతి పట్టుకున్న అమ్మాయి మీద మీదకు వస్తుంటే మేమందరం గబుక్కున చేతులు చేతులు పట్టుకుని గొలుసు కట్టేసేవాళ్లం. కబడ్డీలో అలాగే కడతాం మరి. సారు ఈల ఊది "ఎవరి చేతులు వాళ్లు పెట్టుకోండమ్మా" అని మొత్తుకునేవారు. ఒకసారి ఆ గొలుసు మధ్యలోంచి కొత్తవలస పిల్ల వంగి దూరి వెళ్లిపోతే, చేతులు వదలడం మరిచిపోయి మేం ఒకరి మీద ఒకరం పడ్డాం.

బంతిని ముందుకు విసరకూడదు, వెనకున్నవాళ్లకే ఇవ్వాలి. ఫుట్‌బాల్ చూసి పెరిగినవాళ్లకు ఇదే ఎక్కలేదు. ముందుకు వెళ్లాలంటూ వెనక్కి ఇవ్వడమేమిటని సారుతో వాదించారు. నాకు మాత్రం తేలిగ్గానే వచ్చేసింది. ఒడ్డు నుంచి వల లాగేటప్పుడు తాడును వెనకవాళ్లకు అందిస్తూ పోవడం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు.

అన్నిటికంటే కష్టం ఏమిటంటే, పట్టి పడేసిన మనిషిని వెంటనే వదిలేయాలి. మా కెప్టెన్ పట్టు పడితే వదిలే రకమా?

"ఒగ్గేయమ్మా!" అని సారు అరిచేవారు.

"ఎందుకొగ్గాల సార్? కట్టపడి పట్టాను కదా!"

"పట్టావు, పడేశావు, నీ పని అయిపోయింది. ఒగ్గేసి లేచి మళ్లీ ఆడు."

ఇది ఇంట్లో చెబితే మా అమ్మ చేపను కోస్తున్నదల్లా ఆగిపోయింది. "పట్టిన సేపని ఎవులైనా ఒగ్గేస్తారేటే? అదేం ఆట? పులిని సూసి నక్క వాత ఎట్టుకున్నట్టు, ఎవులో దొరల ఆట మీకెందుకే?" అంది.

నేను అలిగాను. అన్నం మానేశాను. చేపల పులుసు వాసనకు మళ్లీ తిన్నాను గానీ మాట్లాడలేదు. చివరికి అమ్మే దిగొచ్చింది. "సరే, ఓ పాలి నానొచ్చి సూస్తాను. ఆటయితే ఆడుకో. కొట్లాటయితే మానీ. మళ్లీ ఏడవకూడదు" అంది. అమ్మ మాటంటే మాటే. అవునన్నా అంతే, కాదన్నా అంతే. ఆ ఒక్క మ్యాచ్‌తో నా ఆట ఉండడమో ఊడడమో తేలిపోతుందన్నమాట.

విశాఖ నుంచి ఒక జట్టు మా గ్రౌండుకే ఆడడానికి వచ్చింది. ఒకే రంగు చొక్కాలు, ఒకే రకం బూట్లు. మాలో సగం మందివి మామూలు కాన్వాసు బూట్లు. చేపలమ్మడం ముగించుకుని అమ్మ ఖాళీ తట్టతోనే వచ్చింది. గ్రౌండు పక్క గట్టు మీద తట్ట బోర్లించి, దాని మీద దర్జాగా కూర్చుంది. ఆమె పక్కనున్న కుర్చీలు రెండూ వాసనకు కాస్త దూరం జరిగాయి. అమ్మ పట్టించుకోలేదు.

మొదటి సగంలో వాళ్లు మమ్మల్ని ఒక ఆట ఆడుకున్నారు. మా కెప్టెన్ పట్టినదాన్ని వదలక రిఫరీ చేత ఈలలు ఊదించింది, ఆయనతో తగువుకు కూడా దిగబోయింది. సగం ముగుస్తుందనగా వాళ్ల చేతిలోంచి జారిన బంతి గెంతులు వేస్తూ వచ్చి నా చేతుల్లో పడింది. పరిగెత్తాను. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటూ పరిగెత్తాను. ఒకమ్మాయి చెయ్యి నా భుజానికి తగిలి జారిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు. వాళ్ల చివరి గీత దాటేశాను.

అక్కడ చేయాల్సింది ఒక్కటే, బంతిని నేలకు ఆనించడం. అలా ఆనిస్తేనే పాయింట్లు. నిద్రలో లేపి అడిగినా ఇది చెప్పేదాన్ని. కానీ కాళ్లకు ఎవరు చెప్పాలి? కాళ్లది చిన్నప్పటి కబడ్డీ బుద్ధి. గీత దాటగానే గిరుక్కున వెనక్కి తిరిగాయి. బంతిని గుండెలకు హత్తుకుని, ఎంత వేగంగా వెళ్లానో అంతకు రెట్టింపు వేగంతో మా వైపుకు పరిగెత్తుకొచ్చేశాను. విశాఖ అమ్మాయిలు ఒక్క క్షణం ఏం జరుగుతోందో అర్థంకాక నిలబడిపోయారు. మా కెప్టెన్ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అక్కడ పెట్టమ్మా, అక్కడ!" అని సారు గొంతు చించుకుంటున్నారు. నేను మధ్యగీత దాకా వచ్చేసి, ప్రాణాలతో బయటపడ్డానని సంతోషంగా చెయ్యెత్తాను. ఎవరో వెనక నుంచి వచ్చి నన్ను బోర్లా పడేశారు.

గ్రౌండంతా పడీ పడీ నవ్వుతోంది. చప్పట్లు మాత్రం ఒక్కరే కొడుతున్నారు. చూస్తే మా అమ్మ. తట్ట మీంచి లేచి నిలబడి మరీ కొడుతోంది. ముట్టుకుని తిరిగొచ్చేసింది కదా తన కూతురు!

విరామంలో గట్టు దగ్గరకు వెళ్లాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తున్నాయి.

"బాగొచ్చీసావే! అంతమందిని తప్పించుకుని ఇంటికొచ్చీసావు. ఎందుకే అందరూ నవ్వుతన్నారు?" అంది అమ్మ.

"తిరిగి రాకూడదమ్మా. గీత దాటి బంతి అక్కడే నేల మీద పెట్టేయాలి. గీత మీద పెట్టినా చాలు."

"మరి నువ్వు రావడం?"

"నేను రానక్కర్లేదు. అక్కడే ఆగిపోవాలి."

 అమ్మ కోపం మా సారు మీదకు మళ్లింది. "ఏటి బాబూ, తిరిగి రావొద్దని గుంటకి ముందే సెప్పొద్దేటి?" అని ఆయన్ను నిలదీసింది. ఆయన బాటిల్లో నీళ్లు తాగుతూ పొలమారి దగ్గారు.

రెండో సగంలోనూ మేం ఓడుతూనే ఉన్నాం. కానీ కెప్టెన్ పట్టి, పడేసి, వదిలేయడం మొదలుపెట్టింది. వదిలేసిన ప్రతిసారీ రిఫరీ వైపు చూసి "ఒగ్గేసాను, సూసారా?" అని గట్టిగా చెప్పేది. ఆట ముగుస్తుందనగా కెప్టెనే బంతి లాక్కుని, వెనక్కి చూడకుండానే నాకు అందించింది. మళ్లీ పరిగెత్తాను. ఈసారి వాళ్లకు నా సంగతి తెలుసు. గీతకు దగ్గరగా రాగానే ఒకమ్మాయి నడుం పట్టింది, ఇంకొకమ్మాయి మడమ పట్టింది. పడిపోయాను. గీత నా చెయ్యంత దూరంలో ఉంది.

అప్పుడు వినపడింది, గట్టు మీంచి అమ్మ గొంతు. వీధి చివరి ఇంటికి కూడా వినపడేలా చేపలు చేపలని కేకేసే గొంతు అది.

"తిరిగి రాకే! ఒసే, రాకే! అక్కడే ఉండిపో!"

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట ఆ మాట వినలేదు. నడుం ఒకరు, కాలు ఒకరు పట్టుకున్నా చెయ్యి చాపి గీత అందుకోవడం కబడ్డీ ఆడిన ఒంటికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇన్నాళ్లూ ఇంటి వైపు గీత కోసం చాపేదాన్ని, ఈసారి ముందుకు చాపాను. బంతి గీత మీద ఆనింది. ఈల మోగింది. కొత్తవలస పిల్ల, కెప్టెన్, మిగతావాళ్లంతా వచ్చి నా మీద పడ్డారు. ఆ బరువు కింద ఊపిరాడకున్నా పగలబడి నవ్వాను. ఓడిపోయిన జట్టు అంత గోల చేయడం విశాఖ వాళ్లు ఎక్కడా చూసి ఉండరు.

 బస్సులో అమ్మ నా మోచేతికి అంటిన ఎర్రమట్టిని చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది. అది ఆటో కొట్లాటో ఇంటికెళ్లాకా తేల్చలేదు. ఆమెను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు ఇంకా తెల్లారకముందే బూట్ల సంచి భుజాన వేసుకున్నాను. అమ్మ అరుగు మీద వల చిక్కులు తీస్తోంది. గడప మీద ఆగి, కావాలనే, "వెళ్తానమ్మా" అన్నాను. వెనక్కి పిలుస్తుందేమోనని చూశాను.

అమ్మ తలెత్తి సంచి వైపు చూసింది.

"ఎల్లు" అంది. "గీత దాటేక బంతెట్టడం మర్సిపోకు."