రౌటర్‌కు బొట్టు పెట్టిన దసరా

మంచిర్యాలలో నేను పనిచేసే ఆఫీసులో కంప్యూటర్ ఆగిపోతే అందరూ నా వైపే చూస్తారు. ఎప్పుడో ఒకసారి ప్రింటర్ మొరాయిస్తే, ఊడిపోయిన వైరును మళ్ళీ గుచ్చాను. అంతే, ఆ రోజు నుంచి నేను కంప్యూటర్లు తెలిసిన మనిషినైపోయాను. కాదని నేనూ ఎప్పుడూ అనలేదు. ఊరికే వచ్చే గౌరవాన్ని ఎవరు వద్దంటారు?

ఆ గౌరవం ఇంట్లో కూడా ఉండాలని నా ఆశ. కిందటేడు ముందు గదిలో కొత్త రౌటర్ బిగించినప్పుడు పాతదాన్ని పారేయనివ్వలేదు. వెనక గదికి సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి రెండింటి మధ్య వైరు లాగి, పాతదాన్ని ఆ గదిలో పెట్టాను. వీడియో చూసి ఒక సెట్టింగు కూడా మార్చాను. ఇంట్లో ఉన్న ఫోనుకు, టీవీకి, లాప్‌టాప్‌కు రౌటర్ ఒక్కో నంబరు ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు, ఇంటి నంబరు లాంటిదే. నంబర్లు ఇచ్చే పని ఒక్కరిదే కావాలి. ఇద్దరిస్తే గందరగోళం. అందుకని పాతదానికి ఆ పని మాన్పించి కొత్తదానికి అప్పజెప్పాను. అది చక్కగా పనిచేసింది. తర్వాత చాలా రోజులు ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ టీ కంటే ముందు ఆ వైరు చూపించాను.

ఈ దసరా ముందు మా ఇంట్లో అందరి మనసూ ఒక్క విషయం మీదే ఉంది. మా ఆవిడ ఒక ప్రైవేటు బడిలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పింది. వేసవిలో ఆ బడి మూతపడింది. అప్పటి నుంచి మనిషి మాట తగ్గించింది. సాయంత్రాలు ఊరికే గుమ్మంలో కూర్చునేది. చివరికి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే సంస్థ ఒకటి, దసరా మర్నాడు పొద్దున పదకొండు గంటలకు డెమో క్లాసు చెప్పమంది. నచ్చితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆమె ఆ ఒక్క పాఠాన్ని వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ కూడా వల్లె వేసుకుంది. సాయంగా ఉంటానని నేను ఆ రోజుకు సెలవు పెట్టాను. ఆమె అడగలేదు.

దసరా వచ్చింది. మాది నేత కుటుంబం. మా బాపు, అంటే నాన్న, మరమగ్గం మీద బతికిన మనిషి. దసరాకు మగ్గానికి ఉత్త బొట్టు పెట్టి చేతులు దులుపుకుంటే ఊరుకునేవాడు కాదు. సందుల్లో ఇరుక్కున్న దూది పీచంతా పుల్లతో తీయాలి, తుడవాలి, ఆ తర్వాతే పసుపూ కుంకుమా. నేను మగ్గం ఎక్కలేదు గానీ పూజ మాత్రం అలాగే చేస్తాను. బండికి చేశాను, మిక్సీకి చేశాను, కుట్టు మిషన్‌కు చేశాను. తర్వాత రౌటర్ల మీద పడ్డాను.

"గా డబ్బలకు గూడ పూజనారా?" అంది మా అమ్మ. ఆమెను అవ్వ అనే పిలుస్తాను.

"గిప్పుడు ఇల్లు నడిపేటియి గవ్వే గదనే," అన్నాను.

లైట్లు వెలుగుతుంటే కళగా ఉంటుందని కరెంటు తీయలేదు. వెనక గదిలోని పాత రౌటర్ వీపున సన్నటి రంధ్రం ఒకటుంది, దాని నిండా దుమ్ము. అగరుబత్తి పుల్ల దూర్చి, గట్టిగా అదిమి పట్టి, తిప్పి తిప్పి శుభ్రం చేశాను. ఉన్నట్టుండి లైట్లన్నీ ఆరిపోయి, కాసేపటికి ఒక్కొక్కటిగా వెలిగాయి. అమ్మవారు దీవించిందనుకుని దండం పెట్టుకున్నాను. అవ్వను పిలిచి చూపించాను కూడా.

తెల్లారి మా ఆవిడ తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, వెనక గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. పదిన్నరకు నన్ను పిలిచింది.

"నెట్ వస్తలేదు. వైఫై కలిసిందనే చూపిస్తుంది గని, ఏదీ తెరుసుకుంటలేదు."

"నేనుండంగ నీకేం ఫికర్?" అన్నాను.

మొదట ముందు గదిలోని రౌటర్ ఆపి, మళ్ళీ వేశాను. రాలేదు. లాప్‌టాప్ ఆపి, మళ్ళీ వేశాను. రాలేదు. కనెక్షన్ వాళ్ళకు ఫోన్ చేస్తే లైను బాగానే ఉందన్నారు. ఫోన్ నుంచి నెట్ ఇద్దామంటే మా సందులో మొబైల్ సిగ్నల్ మాటలకే చాలదు. ఇక విద్య బయటికి తీశాను. లాప్‌టాప్‌కు వచ్చిన ఐపీ అడ్రస్ చూస్తే, అది మా ఇంటి వరసలోది కాదు. నా ఫోన్‌కు మాత్రం సరైన నంబరే ఉంది. ఓహో, తప్పు నంబరు పడిందన్నమాట, మనమే మంచిది ఇద్దాం అనుకుని, నా ఫోన్ నంబరుకు పక్క నంబరు ఒకటి లాప్‌టాప్‌లో నా చేత్తో ఎక్కించాను.

ముందు గదిలో నుంచి అవ్వ కేక వినిపించింది. "ఓరి, రాజన్న ఎటు వోయిండురా?"

టీవీలో వేములవాడ రాజన్న అభిషేకం చూస్తోంది. నేనిచ్చిన నంబరు అప్పటికే టీవీది. ఒకే నంబరు కోసం రెండూ కొట్టుకుని, నెట్ దానికీ లేకుండా, దీనికీ లేకుండా పోయింది.

అప్పుడే ఫోన్‌లో ఇంకో వింత కనిపించింది. ఎప్పుడూ చూడని పేరుతో కొత్త వైఫై ఒకటి. దానికి తాళం లేదు, ఎవరైనా కలుపుకోవచ్చు. "సూడు, మన గల్లీల ఎవలో కొత్తగ వెట్టుకున్నరు. పాస్‌వర్డ్ గూడ వెట్టుకోలే. గింత సోయి లేనోళ్ళుంటరా?" అని మా ఆవిడకు భద్రత గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె గోడ గడియారం వైపు చూస్తోంది.

"నువ్వు ఇగ ఆపు," అంది. అరవలేదు. నేనెక్కించిన నంబరు నా చేతే తీయించి, లాప్‌టాప్ మూసి సంకలో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో రిటైరైన నర్సమ్మ ఒక్కతే ఉంటుంది. ఆదివారం చర్చి, మిగతా రోజులు పూలమొక్కలు. మా ఆవిడ ఆమెను అక్కా అంటుంది. వాళ్ళింట్లో ఆయుధపూజ లేదు కాబట్టి వాళ్ళ రౌటర్ క్షేమంగా ఉంది.

నాకు పౌరుషం వచ్చింది. ఆ తాళం లేని వైఫై ఎవరిదో తేల్చాలని ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. వీధి వైపు వెళ్తే సిగ్నల్ తగ్గుతోంది, వెనక గదికి వస్తే పెరుగుతోంది. పాత రౌటర్ దగ్గర నిండుగా ఉంది. తిప్పి చూస్తే దాని అడుగున ఆ పేరే అచ్చు వేసి ఉంది. నేను పుల్లతో పొడిచింది దుమ్మును కాదు, లోపలున్న రీసెట్ బటన్‌ను. నేను మార్చిన సెట్టింగు తుడిచిపెట్టుకుపోయి, కొన్ననాటి స్థితికి వెళ్ళిపోయి, నిన్నటి నుంచి అదీ నంబర్లు పంచుతోంది. దాని నంబరు దొరికిన వాటికి నెట్ లేదు. సోయి లేని మనిషిని నేనే.

వైరు పీకేసి, టీవీని ఆపి మళ్ళీ వేశాను. రాజన్న తిరిగొచ్చాడు. ఆ సంబరంలో నాకు ఒళ్ళు తెలియలేదు. లుంగీ బనియన్ మీదే, కుంకుమబొట్టుతో ఉన్న రౌటర్ చేత పట్టుకుని, దాని వైరు నేల మీద ఈడ్చుకుంటూ పక్కింట్లోకి దూసుకెళ్ళాను.

"దొరికింది! మన ఇంట్లనే ఉన్నది!"

లాప్‌టాప్ తెరలో పిల్లలు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు, ఓ మూల కళ్ళద్దాల మనిషి. అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆవిడ వెనక్కి తిరగలేదు. "పిల్లలూ, ఇటు చూడండి. మనం భిన్నాల దగ్గర ఉన్నాం," అంది, గొంతు కొంచెం కూడా వణకకుండా. నర్సమ్మ నా రెక్క పట్టుకుని, "తమ్ముడూ, జర బయటికి రా," అని మొక్కల మధ్య నిలబెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం నా వల్లే పోయిందనుకుని ఆ మొక్కల మధ్యే ఏడ్చినంత పని చేశాను.

పోలేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆమెను తీసుకున్నారు. వేసవి తర్వాత మొదటిసారి ఆమె గట్టిగా నవ్వింది, అవ్వను కావలించుకుంది. నాకు ఏనుగెక్కినంత సంతోషమైంది. వెనక గది ఊడ్చాను, బల్ల జరిపాను, కొత్త రౌటర్‌నే ఆ గదికి దగ్గరగా మార్చాను.

"ఇగ నీకు ఏ పరేషాన్ లేదు. రేపటి సంది గీ గదిల కూసోని నిమ్మలంగ చెప్పుకో," అన్నాను.

ఆమె బల్ల వైపు చూసింది. "నేను అక్కోళ్ళింట్లనే చెప్త. అడిగిన, సరే అన్నది."

"ఎందుకు? అంతా బాగు చేసిన గదా?"

"గందుకే," అంది. "గక్కడ ఎవ్వలూ బాగు చెయ్యరు."

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. కోపంగా కూడా లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు నేను ఆఫీసు నుంచి వచ్చే వేళకు ఆమె పక్కింట్లో పాఠం చెబుతూ ఉంటుంది. గోడ అవతలి నుంచి ఆమె గొంతు వినిపిస్తుంది, మధ్యమధ్యలో నవ్వు కూడా. నేను వెనక గదిలో కూర్చుని వింటాను. ఆ గదిలో సిగ్నల్ నిండుగా వస్తోంది.