గడ్డి మీద ఆటకు వేసిన లెక్క

1970ల చివర నేను నంద్యాలలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్ని. బడికి ఇంగ్లీషు పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. అందులోని టెన్నిస్ ఫలితాలు నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని: ఏ తేదీన ఎవరు ఎవరిని ఓడించారు, ఎన్ని సెట్లలో. ఆట మాత్రం ఒక్కసారీ కళ్ళతో చూడలేదు.

ఆదివారాలు ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గరికి పోయేదాన్ని. పక్కనే విగ్రహాలు చెక్కే పెద్దనాయన కొట్టం. ఆయనకు అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మహానంది దగ్గరి ఒక ఊరివాళ్ళు వచ్చి, మనిషెత్తు నల్లరాతి నంది కావాలన్నారు. శుక్రవారానికి జవాబు చెప్పాలి. కొడుకు వద్దన్నాడు.

"కూచుంటే లేయలేవు నాయనా. చిన్న బొమ్మలు చేసుకో, సాలు."

పెద్దనాయన నేను పలహారం చుట్టి తెచ్చిన పేపరు చూస్తున్నాడు. అందులోని ఫొటోలో వయసు పైబడిన టెన్నిస్ ఆటగాడు ఒకడు, పైకి లేవని బంతి కోసం మోకాలు గడ్డికి ఆనేంతగా వంగాడు.

"ఈయప్ప ఎవురు పాపా? మోకాలు బాగా మడుస్తాండాడు."

"ఆ ఆటకు ఆయన ముసలాయనే. వచ్చే ఆదివారం దేశాల మధ్య పోటీలో ఒక కుర్రాడితో ఆట, గడ్డి మీదే."

"గెలుస్తాడా? గెలుస్తాడంటే నందికి సరే అంటా."

నవ్వుతూనే అన్నాడు, కానీ చూపు నా నోటుబుక్కు మీదే ఉంది. తీసి చూశాను. ఇద్దరూ తొమ్మిదిసార్లు తలపడ్డారు. కుర్రాడు ఆరు గెలిచాడు.

"ఓడిపోతాడు పెద్దనాయనా."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆ తొమ్మిదీ గడ్డి మీదేనా?"

"కాదు. మట్టినేల, గట్టినేల, అన్నీ కలిపి."

"అట్ల కలుపుతారా ఏందీ? మెత్తరాయి మీద చెయ్యి తిరిగినోడు నల్లరాయి కాడ తడబడతాడు. ఏ రాయి లెక్క ఆ రాయిదే."

కిలోలూ లీటర్లూ కలిపి కూడిన పిల్లలకు సున్నా వేసే నేను చేసింది అదే. నంద్యాల చేరాక గడ్డి మీది ఆటలు విడిగా రాశాను. నాలుగు. అందులో మూడు ముసలాయన గెలిచినవే. కార్డు రాస్తే శుక్రవారంలోగా అందదు. గురువారం బడి వదలగానే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

"నా లెక్క తప్పు పెద్దనాయనా. గడ్డి మీద ఆయనదే పైచెయ్యి."

"దీనికోసం బస్సెక్కి వచ్చినావా అక్కా?" అన్నాడు కొడుకు.

"తప్పు లెక్క మీ నాయన కాడ వదిలిపెట్టి యాడ నిద్రపోయేది?"

శుక్రవారం పెద్దనాయన ఊరివాళ్ళకు సరేనన్నాడు.

మంగళవారం పేపరు వచ్చింది. ముసలాయన అయిదో సెట్టులో ఓడిపోయాడు. తర్వాతి ఆదివారం జంకుతూనే కొట్టంలోకి పోయాను. అప్పటికే రాయిని దిమ్మెల మీద ఎత్తి పెట్టారు. పెద్దనాయన ఎత్తుపీట మీద కూర్చుని మూపురం చెక్కుతున్నాడు. కింద కాళ్ళ దగ్గర కొడుకు.

"ఓడిపోయినాడు పెద్దనాయనా."

"ఎంతసేపు నిలబడినాడు?"

"అయిదు సెట్లూ."

"మరింకేం." ఆయన ఉలి మార్చుకున్నాడు.

"నీ మొదటి లెక్కే రైటయింది గదక్కా," అన్నాడు కొడుకు.

"జవాబు రైటప్పా. లెక్క తప్పు. దానికి మార్కులు లేవు."

పెద్దనాయన నవ్వాడు. తర్వాత కొడుకు వైపు వంగి, ముందుకాలు మడత ఇంకొంచెం లోతుగా కొట్టమన్నాడు.