కొట్లాట అడిగే మనిషి

ఆయన హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం వదిలేసి, ఆళ్లగడ్డలో గానుగ నూనె మిల్లు పెట్టాలని వచ్చాడు. నాకు నంద్యాల లైబ్రరీలో పరిచయం. కూడబెట్టిందంతా మిల్లుకే పెడుతున్నాడు. భాగస్తుడు చెడితే మళ్లీ లేవలేడు. అందుకే భాగస్తుడిగా చేరతానని వచ్చిన ప్రతివాణ్ణీ ఒకే మాట అడిగేవాడు: “నాతో దేనికి కొట్లాడతావప్పా?”

లైబ్రరీలో వ్యాపారం పుస్తకాలన్నీ తిరగేసిన నాకు ఈ ప్రశ్న ఎక్కడా తగల్లేదు.

“ఇదేం ప్రశ్నన్నా?” అన్నాను.

“ఆఫీసులో అందరూ సరే సార్ అనేటోళ్లే. ఎవరి మనసులో ఏముందో ఎప్పుడూ తెలీలేదు.”

సొంత బావమరిది “మన మధ్య కొట్లాటేంది బావా?” అని నవ్వితే, టీ తాపి పంపించేశాడు.

చివరికి ఆళ్లగడ్డలో వేరుశనగ వ్యాపారం చేసే సాయిబన్న వచ్చాడు. ప్రశ్న వినగానే, “నూనె తీసినాక మిగిలే చెక్క కోసం కొట్లాడతా. ఈడి బర్రెలోళ్లకు ఇయ్యకుండా బయటికి పంపితే ఒప్పుకోను” అన్నాడు.

“బయట ధర ఎక్కువ కదన్నా?” అన్నాడు ఆయన.

“అయితే ఏంది? రేపు నీకు కాయలు పోసేది ఈ రైతులే!”

గొంతులు లేచాయి. నేను సర్దిచెప్పబోయాను. ఆయన నన్ను చేత్తో ఆపి, కుర్చీ సాయిబన్న దగ్గరికి లాక్కున్నాడు.

“నువ్వు పోయి టీలు చెప్పప్పా. ఇది తేలేదాకా ఈయన్ని యాడికీ పోనియ్యను.”